సీసీఎన్‌పీ సెక్యూరిటీ కోర్ పరీక్షకు (350-701) ఎలా చదవాలి: ప్యాకెట్ వెంట నడవండి

నెట్‌వర్క్ సెక్యూరిటీలో ప్రొఫెషనల్ స్థాయి సర్టిఫికేషన్ చేద్దామనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఏ కోర్సు కొనాలి?" అని. కోర్సు ఏదైనా పర్వాలేదు, మంచివి చాలానే ఉన్నాయి. మీరు చదివిన ప్రతి ఫీచర్ దగ్గరా "ఇక్కడ ప్యాకెట్‌కి, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కకి, ఏం జరుగుతోంది, అది జరిగిందని నాకు ఏ అవుట్‌పుట్ చూపిస్తుంది?" అని అడిగే అలవాటు ఉందా లేదా అన్నదే తేల్చేస్తుంది. ఈ అలవాటు ఉన్నవాళ్లు పరీక్షా పాసవుతారు, ఇంటర్వ్యూలోనూ నిలబడతారు. లేనివాళ్లు వందల పేజీల నోట్స్ రాసుకుని కూడా రెండు దగ్గరి ఆప్షన్ల మధ్య ఇరుక్కుపోతారు. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణకి నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో ఇచ్చే ప్రొఫెషనల్ స్థాయి సర్టిఫికేట్ సీసీఎన్‌పీ సెక్యూరిటీని తీసుకుంటున్నాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే, మన దగ్గర ఫైర్‌వాల్, వీపీఎన్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా చూసేదీ అదే.

ముందు పరీక్ష సంగతి

2020 ఫిబ్రవరి 24న సిస్కో తన సర్టిఫికేషన్ల పద్ధతి మొత్తం మార్చింది. అప్పటినుంచి సీసీఎన్‌పీ సెక్యూరిటీకి రెండు పరీక్షలు రాయాలి. ఒకటి అందరికీ ఉమ్మడిగా ఉండే కోర్, దాన్నే స్కోర్ (SCOR) అంటారు, నంబర్ 350-701, సమయం 120 నిమిషాలు, ఫీజు 400 డాలర్లు, పన్ను అదనం. రెండోది మనం ఎంచుకునే కాన్సన్‌ట్రేషన్ (ఒకే అంశం మీద లోతైన పరీక్ష), 90 నిమిషాలు, 300 డాలర్లు. అంటే కోర్ ఒక్కదానికే మన డబ్బుల్లో 30,000 రూపాయలు దాటిపోతుంది, కాబట్టి "ఒకసారి రాసి చూద్దాం, పోతే పోయింది" అనే ఆలోచన పెట్టుకోకండి. మీ కంపెనీలో సర్టిఫికేషన్ ఫీజు తిరిగిచ్చే పాలసీ ఉందేమో మేనేజర్‌ని అడగండి. చాలా చోట్ల ఉంటుంది, ఎవరూ అడగరంతే. కొన్ని కంపెనీలు బుక్ చేసేముందే అనుమతి తీసుకోవాలంటాయి, పాసైతేనే ఇస్తాయి, ఆ షరతులు ముందే చదువుకోండి.

సీసీఎన్‌ఏ, అంటే దీనికి ముందు స్థాయి సర్టిఫికేట్, ఉండి తీరాలన్న నిబంధన ఇప్పుడు లేదు. నిబంధన పోయింది గానీ అవసరం పోలేదు. సబ్‌నెట్టింగ్ కాగితం మీద చేయలేకపోతే, టీసీపీ మూడు దశల హ్యాండ్‌షేక్ బొమ్మ గీసి చెప్పలేకపోతే, ఒక రౌటర్ మీద న్యాట్ (ఐపీ అడ్రసు మార్చడం), ఏసీఎల్ (ఏ ట్రాఫిక్ వదలాలో చెప్పే రూల్స్) రెండూ ఉన్నప్పుడు ప్యాకెట్ దేన్ని ముందు దాటుతుందో తడుముకుంటుంటే, ముందు ఒకటి రెండు నెలలు ఆ పునాది మీదే కూర్చోండి. వీపీఎన్ అర్థం కావట్లేదని బాధపడే వాళ్లలో చాలామందికి నిజంగా అర్థం కానిది రౌటింగ్.

సిలబస్‌ని సిస్కో సైట్ నుంచే దించుకోండి, ఎవరో పంపిన పీడీఎఫ్ నమ్మకండి. 1.1 వెర్షన్ ప్రకారం సెక్యూరిటీ కాన్సెప్ట్స్‌కి 25 శాతం, నెట్‌వర్క్ సెక్యూరిటీకి 20, క్లౌడ్‌కి 15, కంటెంట్ సెక్యూరిటీకి 15, ఎండ్‌పాయింట్‌కి 10, నెట్‌వర్క్ యాక్సెస్, విజిబిలిటీ, ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి 15. సిస్కో ఈ వెర్షన్లని అప్పుడప్పుడు మారుస్తుంటుంది కాబట్టి చదవడం మొదలుపెట్టే రోజు ఒకసారి, పరీక్ష బుక్ చేసే రోజు ఇంకోసారి చూసుకోండి. సిలబస్‌లో ప్రతి లైను ముందూ ఒక క్రియాపదం ఉంటుంది. "వివరించండి" అంటే చదివితే చాలు, "పోల్చండి" అంటే రెండిటి మధ్య తేడా పట్టిక వేసుకోవాలి, "కాన్ఫిగర్ చేసి సరిచూడండి" అంటే ల్యాబ్‌లో చేయకుండా ఆ లైను మీద టిక్కు పెట్టకూడదు. ప్రింట్ తీసి ఈ మూడు రకాలకీ మూడు రంగుల పెన్నులు వాడితే ఎక్కడ ఎంత పని ఉందో మొదటి సాయంత్రమే కనబడుతుంది.

ల్యాబ్ లేకుండా ఈ పరీక్ష వద్దు

ఉచితంగా మొదలుపెట్టాలంటే ఈవ్-ఎన్‌జీ కమ్యూనిటీ ఎడిషన్ గానీ జీఎన్ఎస్3 గానీ ఉన్నాయి, అయితే వీటికి సిస్కో ఇమేజ్‌లు (పరికరాల సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) మనమే చట్టబద్ధంగా సంపాదించుకోవాలి. సిస్కో సొంత టూల్ మోడలింగ్ ల్యాబ్స్‌లో ఇమేజ్‌లు దానితోపాటే వస్తాయి, అయిదు నోడ్ల వరకు ఉచిత వెర్షన్ కూడా ఉంది. రెండు రౌటర్లు, మధ్యలో ఇంటర్నెట్ పాత్ర వేసే ఒక రౌటర్, చివర్లలో రెండు చిన్న హోస్ట్‌లు పెడితే అయిదూ సరిపోతాయి, వీపీఎన్ చాప్టర్ దాదాపు మొత్తం దీంట్లోనే చేసేయొచ్చు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ దీనికి చాలు.

ఇబ్బంది వచ్చేది పెద్ద సాఫ్ట్‌వేర్లతోనే. ఫైర్‌వాల్ మేనేజ్‌మెంట్ సెంటర్ వర్చువల్ మెషీన్ ఒక్కటే 28 జీబీ ర్యామ్ అడుగుతుంది, ఐస్ (ISE, నెట్‌వర్క్‌లోకి ఎవరు రావచ్చో తేల్చే సిస్కో సర్వర్) కూడా తక్కువ తినదు. వీటి కోసం సర్వర్ కొనక్కర్లేదు. సిస్కో ఆన్‌లైన్ ల్యాబ్ డెవ్‌నెట్ శాండ్‌బాక్స్ ఉచితమే, స్లాట్ బుక్ చేసుకుని వాడుకోవచ్చు. కంపెనీ సిస్కో పార్ట్‌నర్ అయితే ఆఫీసు ఖాతాతో డీక్లౌడ్‌లో రెడీమేడ్ ల్యాబ్‌లు దొరుకుతాయి. స్లాట్ గంటల్లో ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లేముందే ఏం చేయాలో కాగితం మీద రాసుకుని వెళ్లండి, లేకపోతే మెనూలు వెతుక్కోవడంలోనే సమయం అయిపోతుంది. 802.1ఎక్స్ (పోర్టుకి తగిలించినవాళ్లని ముందు గుర్తించే పద్ధతి) లాంటివి అసలు స్విచ్ మీద చేస్తేనే బాగా అర్థమవుతాయి, పాత క్యాటలిస్ట్ 2960 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోండి. చప్పుడు ఎక్కువ చేస్తుంది, రాత్రిపూట ఇంట్లో వాళ్లు విసుక్కుంటారు, అయినా దాని విలువ దానికుంది.

ఇక ల్యాబ్ ఎలా చేయాలి అన్నది అసలు విషయం. వీడియోలో చూసింది టైప్ చేసి, పింగ్ వచ్చింది, హమ్మయ్య అని మూసేస్తే అది సగం పనే. పనిచేస్తున్న ల్యాబ్‌ని మీ చేత్తో పాడుచేయండి, ఒకసారికి ఒక్క తప్పే పెట్టండి, అప్పుడు అవుట్‌పుట్‌లో ఏం మారిందో రాసుకోండి. ఐపీసెక్‌తో, అంటే వీపీఎన్ ట్రాఫిక్‌ని కాపాడే ప్రోటోకాల్స్‌తో, చూపిస్తాను, ఈ పరీక్షలో దీన్ని మించిన గని ఇంకోటి లేదు.

రెండు రౌటర్ల మధ్య ఐకేఈ (కీలు కుదుర్చుకునే ప్రోటోకాల్) మొదటి వెర్షన్‌తో సైట్ టు సైట్ టన్నెల్ పెట్టండి. "షో క్రిప్టో ఐసాక్యాంప్ ఎస్ఏ" కొడితే క్యూఎం ఐడిల్ అని కనబడాలి, మొదటి దశ పూర్తయిందని అర్థం. ఇప్పుడు ఒక వైపు ఎన్‌క్రిప్షన్ పాలసీ మార్చేసి టన్నెల్ క్లియర్ చేసి మళ్లీ పింగ్ కొట్టండి, ఈసారి ఎంఎం నో స్టేట్ దగ్గర ఆగిపోతుంది, అంటే ఇద్దరికీ ఉమ్మడి పాలసీయే కుదరలేదు. దాన్ని సరిచేసి ప్రీ షేర్డ్ కీలో ఒక అక్షరం మార్చండి, ఇప్పుడు ఎంఎం కీ ఎక్స్ఛేంజ్ దగ్గర వేలాడుతుంది. పాలసీ కుదిరింది, కీ మార్పిడి దాకా వచ్చారు, గుర్తింపు దగ్గర చెడింది. కీ కూడా సరిచేసి ఈసారి క్రిప్టో ఏసీఎల్‌ని ఒక వైపు మాత్రం మార్చండి, రెండో వైపు దానికి అద్దంలో ప్రతిబింబంలా లేకుండా. మొదటి దశ చక్కగా లేస్తుంది, రెండో దశ తన్నేస్తుంది. చివరగా అంతా సరిగ్గా పెట్టి, అవతలి సైట్‌లో తిరుగు రూట్ తీసేయండి. అప్పుడు "షో క్రిప్టో ఐపీసెక్ ఎస్ఏ"లో మన వైపు ఎన్‌క్యాప్స్ లెక్క పెరుగుతూ ఉంటుంది, డీక్యాప్స్ సున్నా దగ్గరే కూర్చుంటుంది. మనం పంపుతున్నాం, అటునుంచి రావట్లేదు. ఈ ఒక్క జత అంకెలు చదవడం వచ్చినవాడు రాత్రి రెండు గంటలకి టికెట్ వచ్చినా సమస్య ఏ వైపుందో వెంటనే చెప్పగలడు. పరీక్షలో కూడా ఇదే అవుట్‌పుట్ ముందుపెట్టి "కారణం ఏమిటి?" అంటే నాలుగు ఆప్షన్లలో మూడు వాటంతటవే రాలిపోతాయి.

ఆ తర్వాత ఇదే టన్నెల్ ఐకేఈ రెండో వెర్షన్‌తో చేసి వైర్‌షార్క్‌లో పట్టండి. మొదటి వెర్షన్ మెయిన్ మోడ్‌లో ఆరు మెసేజ్‌లు, అగ్రెసివ్ మోడ్‌లో మూడు, ఆపైన క్విక్ మోడ్‌లో మూడు. రెండో వెర్షన్‌లో మొత్తం నాలుగు మెసేజ్‌లతో మొదటి చైల్డ్ ఎస్ఏ (డేటాని కాపాడే ఒప్పందం) కూడా వచ్చేస్తుంది. మధ్య రౌటర్‌లో న్యాట్ పెట్టి చూస్తే మొదలైన యూడీపీ 500 పోర్టు నుంచి సంభాషణ 4500కి మారడం మీ కళ్లముందే జరుగుతుంది. ఐపీసెక్‌లోని ఏహెచ్ ప్రోటోకాల్ న్యాట్‌ని ఎందుకు దాటలేకపోతుంది అనేది కూడా బట్టీ పట్టే పని లేదు. ఏహెచ్ బయటి ఐపీ హెడర్‌ని కూడా కలిపి హ్యాష్ వేస్తుంది, న్యాట్ ఆ హెడర్‌నే మారుస్తుంది, అవతల హ్యాష్ తప్పుతుంది, అంతే. డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే ఈఎస్‌పీ ప్రోటోకాల్ నంబర్ 50, ఏహెచ్‌ది 51, గెట్ వీపీఎన్ వాడే పోర్టు యూడీపీ 848. ఈ అంకెలు మాత్రం బట్టీయే.

డీఎంవీపీఎన్, ఫ్లెక్స్ వీపీఎన్, గెట్ వీపీఎన్, మామూలు టన్నెల్ ఇంటర్‌ఫేస్ పద్ధతి ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి ఎప్పుడు ఏది అనే ప్రశ్నలకి సిద్ధపడండి. స్పోక్‌లు (హెడ్డాఫీసుకి కలిసే బ్రాంచ్ రౌటర్లు) ఒకదానితో ఒకటి అప్పటికప్పుడు మాట్లాడుకోవాలి అంటే డీఎంవీపీఎన్, దాని వెనక ఎన్‌హెచ్‌ఆర్‌పీ (అవతలి స్పోక్ అడ్రసు కనుక్కునేది), మల్టీపాయింట్ జీఆర్ఈ (ఒకే ఇంటర్‌ఫేస్‌తో చాలా టన్నెళ్లు). అసలు ఐపీ హెడర్ మారకుండా ప్రైవేట్ వ్యాన్ (WAN) మీద అందరికీ ఒకే గ్రూప్ కీ అంటే గెట్ వీపీఎన్. గెట్ వీపీఎన్‌ని ఇంటర్నెట్ మీద పెట్టే ఆప్షన్ కనబడితే అది ఎందుకు కుదరదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. లోపలి ప్రైవేట్ అడ్రసులు ఇంటర్నెట్‌లో రౌట్ కావు కదా.

లేయర్ 2ని చిన్నచూపు చూడకండి

ఫైర్‌వాల్ ఇంజనీర్లు ఇక్కడే, అంటే స్విచ్ స్థాయిలోనే, మార్కులు పోగొట్టుకుంటారు. డీహెచ్‌సీపీ స్నూపింగ్, డైనమిక్ ఆర్ప్ ఇన్‌స్పెక్షన్, ఐపీ సోర్స్ గార్డ్ ఈ మూడూ వేర్వేరు చాప్టర్లలా చదివితే గందరగోళమే. మొదటిది ఒక పట్టిక తయారుచేస్తుంది, ఏ పోర్టులో ఏ మ్యాక్‌కి ఏ ఐపీ దొరికిందో. మిగతా రెండూ ఆ పట్టిక చూసే నిర్ణయం తీసుకుంటాయి. కాబట్టి స్టాటిక్ ఐపీ పెట్టిన ప్రింటర్ ఆర్ప్ ఇన్‌స్పెక్షన్ పెట్టగానే ఎందుకు మూగబోతుందో ఆలోచిస్తే మీకే తడుతుంది, పట్టికలో దాని పేరే లేదు.

స్నూపింగ్ పెట్టగానే అసలు క్లయింట్లకి ఐపీ రావడమే ఆగిపోయిన అనుభవం చాలామందికి ఉంటుంది. సర్వర్ వైపు పోర్టుని ట్రస్ట్ చేయకపోవడం ఒక కారణం. ఇంకో కారణం ఆప్షన్ 82, అంటే రిక్వెస్ట్ ఏ స్విచ్, ఏ పోర్టు నుంచి వచ్చిందో చెప్పే సమాచారం. స్నూపింగ్ ఆన్ కాగానే స్విచ్ రిక్వెస్ట్‌లో ఆప్షన్ 82 కలుపుతుంది, రిలే అడ్రస్ మాత్రం సున్నాగా ఉంటుంది, అలాంటి ప్యాకెట్‌ని సిస్కో రౌటర్ అనుమానించి పారేస్తుంది. స్విచ్‌లో ఆప్షన్ కలపడం ఆపేయొచ్చు, లేదా రౌటర్‌కి నమ్మమని చెప్పొచ్చు. ఇది ల్యాబ్‌లో ఒక్కసారి ఎదురైతే జన్మలో మర్చిపోరు.

ఫైర్‌వాల్ దగ్గర ఒక కమాండ్

సిస్కో పాత ఫైర్‌వాల్ ఏఎస్ఏ లోనూ, కొత్త సెక్యూర్ ఫైర్‌వాల్ లోనూ ప్యాకెట్ ట్రేసర్ అనే కమాండ్ ఉంది. ఏ ఇంటర్‌ఫేస్ నుంచి, ఏ ఐపీ, ఏ పోర్టు, ఎక్కడికి అని చెప్తే ఊహాజనిత ప్యాకెట్‌ని పంపి రూట్ వెతకడం, న్యాట్, ఏసీఎల్, ఇన్‌స్పెక్షన్ అన్నీ వరుసగా దశలవారీగా చూపించి చివర్లో అనుమతించిందో పడేసిందో చెప్తుంది. నా లెక్కలో ఇది కమాండ్ కాదు, మాస్టారు. ఒక రూల్ రాయండి, ఫలితం ముందే ఊహించి కాగితం మీద రాయండి, తర్వాత ట్రేసర్ కొట్టి పోల్చండి. బయటినుంచి సర్వర్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు ఏసీఎల్‌లో పబ్లిక్ ఐపీ రాయాలా అసలు ఐపీ రాయాలా అని చాలామందికి సందేహం. ఏఎస్ఏ 8.3 వెర్షన్ నుంచి అసలు ఐపీనే రాయాలి. ట్రేసర్‌లో న్యాట్ అడ్రసుని విప్పే దశ ఏసీఎల్ దశ కంటే ముందు రావడం చూస్తే ఎందుకో కూడా అర్థమవుతుంది.

సెక్యూర్ ఫైర్‌వాల్‌లో ప్రీఫిల్టర్ పాలసీ ముందు, యాక్సెస్ కంట్రోల్ పాలసీ తర్వాత. ప్రీఫిల్టర్‌లో ఫాస్ట్‌పాత్ ఇస్తే ట్రాఫిక్ లోతు తనిఖీ చేసే ఇంజన్ స్నార్ట్ దాకా పోనే పోదు. యాక్సెస్ కంట్రోల్‌లో ట్రస్ట్ అంటే లోతు తనిఖీ లేకుండా వదిలేయడం, అలౌ అంటే వదిలినా ఐపీఎస్, ఫైల్ పాలసీలు చూస్తాయి, మానిటర్ అంటే రాసుకుని కింది రూల్‌కి పోవడం. ఈ తేడాల మీద ప్రశ్నలు తప్పకుండా ఉంటాయనుకునే చదవండి.

గుర్తింపు, ఐస్, ఆ కథ

లాగిన్ తనిఖీకి వాడే రేడియస్, టాకాక్స్ ప్లస్ ప్రోటోకాల్స్ పోలిక అందరూ చదువుతారు. రేడియస్ యూడీపీ 1812, 1813, పాస్‌వర్డ్‌ని మాత్రమే దాస్తుంది. టాకాక్స్ ప్లస్ టీసీపీ 49, ప్యాకెట్ లోపలి భాగం మొత్తం దాస్తుంది, ఎవరు అనేదీ ఏం చేయొచ్చు అనేదీ వేరుచేస్తుంది, అందుకే డివైస్ అడ్మిన్‌కి అది. ఇక్కడితో ఆగకండి. 802.1ఎక్స్‌లో ల్యాప్‌టాప్‌కీ స్విచ్‌కీ మధ్య నడిచేది ఈప్ ఓవర్ ల్యాన్, స్విచ్‌కీ ఐస్‌కీ మధ్య నడిచేది రేడియస్. ఈ బొమ్మ ఒకటి గీసుకుని ఏ మెసేజ్ ఏ ముక్కలో ఉందో రాసుకుంటే ఆ చాప్టర్లో సగం చిక్కు విడిపోతుంది. 802.1ఎక్స్ రాని ప్రింటర్ కోసం మ్యాబ్ (మ్యాక్ అడ్రసుతో గుర్తించడం), అతిథుల కోసం వెబ్ లాగిన్, ముందు అనుమతిచ్చి తర్వాత స్థాయి మార్చాలంటే చేంజ్ ఆఫ్ ఆథరైజేషన్. ఈ చివరిదానికి సిస్కో స్విచ్‌లు యూడీపీ 1700 వాడతాయి, ప్రమాణంలో ఉన్నది 3799.

పేర్ల గోల

సిస్కో కంపెనీలని కొంటూ, ఉత్పత్తుల పేర్లు మారుస్తూ ఉండడం వల్ల పాత వీడియోలు చూసేవాళ్లకి ఒక అనవసరపు టెన్షన్ ఉంది. గోడకి ఒక కాగితం అంటించుకోండి. ఎనీకనెక్ట్ ఇప్పుడు సెక్యూర్ క్లయింట్, ఫైర్‌పవర్ సెక్యూర్ ఫైర్‌వాల్ అయింది. యాంప్ ఫర్ ఎండ్‌పాయింట్స్‌ని సెక్యూర్ ఎండ్‌పాయింట్ అంటున్నారు, స్టెల్త్‌వాచ్‌ని సెక్యూర్ నెట్‌వర్క్ అనలిటిక్స్ అంటున్నారు. థ్రెట్ గ్రిడ్ ఇప్పుడు సెక్యూర్ మాల్‌వేర్ అనలిటిక్స్, టెట్రేషన్ ఇప్పుడు సెక్యూర్ వర్క్‌లోడ్. స్నార్ట్ 2013లో సోర్స్‌ఫైర్‌తో వచ్చింది, అంబ్రెల్లా 2015లో కొన్న ఓపెన్‌డీఎన్ఎస్ నుంచి, లాగిన్‌కి రెండో తనిఖీ పెట్టే డుఓ 2018లో. ఏది ఏ కంపెనీ నుంచి వచ్చిందో తెలిస్తే ఆ ఉత్పత్తి స్వభావం కూడా గుర్తుంటుంది. అంబ్రెల్లా పుట్టుకే డీఎన్ఎస్, అందుకే చెడ్డ సైట్‌కి టీసీపీ కనెక్షన్ మొదలవకముందే పేరు అడిగిన దగ్గరే ఆపగలదు.

కంటెంట్ సెక్యూరిటీ, క్లౌడ్, ఎండ్‌పాయింట్ మూడూ కలిపితే 40 శాతం, అయినా వీటికి ల్యాబ్ తక్కువ, చదువు ఎక్కువ. మెయిల్ గేట్‌వేలో హ్యాట్ అంటే ఏ సర్వర్ మనకి మెయిల్ పంపొచ్చు, ర్యాట్ అంటే ఏ చిరునామాలకి వచ్చే మెయిల్ తీసుకుంటాం, ఈ వరుస తెలియాలి. మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడిటినీ మీ సొంత మెయిల్‌లో ఒరిజినల్ హెడర్స్ తెరిచి చూసి నేర్చుకోండి, ఖర్చు లేని ల్యాబ్ అది. వెబ్ ప్రాక్సీకి ట్రాఫిక్ చేర్చే దారులు రెండు, బ్రౌజర్‌కి ప్యాక్ ఫైల్ ఇచ్చి చెప్పడం ఒకటి, డబ్ల్యూసీసీపీతో నెట్‌వర్కే మళ్లించడం ఇంకోటి. క్లౌడ్‌లో ఎవరి బాధ్యత ఎంతవరకు అనేది అద్దె ఇంటి ఒప్పందం లాంటిది, గోడలు ఓనర్ చూసుకుంటాడు, తాళం వేసుకోవడం మన పని. సాస్ (సాఫ్ట్‌వేర్ అద్దెకి) నుంచి పాస్‌కి (ప్లాట్‌ఫామ్ అద్దెకి), పాస్ నుంచి ఐయాస్‌కి (సర్వర్లు అద్దెకి) వెళ్లేకొద్దీ మన పనులు పెరుగుతాయి.

కోడ్ అంటే భయపడేవాళ్ల కోసం ఒక మాట. ఈ పరీక్షకి ప్రోగ్రామర్ కానక్కర్లేదు, పైథాన్ స్క్రిప్ట్ చదివి అది ఏం చేస్తుందో చెప్పగలిగితే చాలు. డెవ్‌నెట్ శాండ్‌బాక్స్‌లో ఫైర్‌వాల్ మేనేజ్‌మెంట్ సెంటర్‌కి టోకెన్ అడిగే చిన్న స్క్రిప్ట్ ఒకటి నడపండి. సమాధానం 204 అని వస్తుంది, బాడీ ఖాళీ, టోకెన్ హెడర్‌లో ఉంటుంది, 30 నిమిషాలకి గడువు తీరుతుంది. తప్పు పాస్‌వర్డ్‌తో 401 తెప్పించండి, లేని చిరునామా అడిగి 404 తెప్పించండి. ఒక సాయంత్రం పని, దాంతో ఆటోమేషన్ ప్రశ్నలంటే భయం పోతుంది.

డంప్స్ (లీకైన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) గురించి సూటిగా

అమీర్‌పేట సందుల్లో పోస్టర్ల మీద, టెలిగ్రామ్ గ్రూపుల్లో "గ్యారంటీ పాస్" అనే మాట ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. వద్దు. సిస్కో ఒప్పందం మీద మీరే సంతకం పెడతారు, పట్టుబడితే ఆ ఒక్క పరీక్షే కాదు, ఉన్న సర్టిఫికేట్లు కూడా పోయే ప్రమాదం ఉంది. పైగా డంప్స్‌లో జవాబులు చాలా చోట్ల తప్పు. అంతకంటే నాకు బాధ కలిగించేది ఇంకోటి ఉంది. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నప్పుడు రెజ్యూమేలో సీసీఎన్‌పీ చూసి "డీక్యాప్స్ సున్నా ఉంటే ఎక్కడ చూస్తావు?" అని అడిగితే పిల్లలు నేల చూపులు చూస్తారు. వాళ్లలో తెలివైనవాళ్లే ఎక్కువ. ఆ తెలివిని జవాబుల క్రమం గుర్తుపెట్టుకోవడానికి ఖర్చు చేయించేశారు ఎవరో. ప్రాక్టీస్ టెస్టులు కావాలంటే అధికారిక సర్టిఫికేషన్ గైడ్‌తో వచ్చేవి వాడండి, తప్పైన ప్రతి ప్రశ్నకీ సరైన జవాబుతో పాటు మిగతా మూడూ ఎందుకు తప్పో రాసుకోండి.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి

రోజుకి గంటన్నర, సెలవు రోజు నాలుగు గంటలు పెట్టగలిగితే అయిదారు నెలలు పడుతుంది, ఫైర్‌వాల్, వీపీఎన్ రోజూ చేతిలో ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు షిఫ్ట్ మారిన వారం కొత్త చాప్టర్ ఎత్తుకోకండి, బుర్ర సహకరించదు, ఆ వారం పాత నోట్స్ తిరగేయండి. షిఫ్ట్‌లో వచ్చిన టికెట్‌నే పాఠంగా మార్చుకోవడం ఇంకా మంచిది. ఏ టన్నెల్ పడిపోయిందో, ఏ యూజర్‌కి 802.1ఎక్స్ ఫెయిలైందో, సీనియర్ ఏ కమాండ్ కొట్టి పట్టుకున్నాడో రాసుకుని, కస్టమర్ వివరాలన్నీ తీసేసి ఇంట్లో ల్యాబ్‌లో మళ్లీ కట్టండి. సీనియర్‌ని "అన్నా, ఆ అవుట్‌పుట్‌లో ఏ లైను చూసి చెప్పావు?" అని అడగడానికి మొహమాటపడకండి, మామూలుగా ఎవరూ కాదనరు. ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే ఒకరి ల్యాబ్‌ని ఇంకొకరు రహస్యంగా పాడుచేసి ఇవ్వండి, దీన్ని మించిన ప్రాక్టీస్ నాకు తెలియదు.

సగం సిలబస్ అయ్యాక పరీక్ష తేదీ బుక్ చేయండి. తేదీ లేని చదువు సాగుతూనే ఉంటుంది.

బుకింగ్, పరీక్ష రోజు

పరీక్ష నడిపేది పియర్సన్ వీయూఈ. ఇక్కడ మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. మనకి ఇంటిపేరు ముందు, అదీ ఇనీషియల్‌గా. పాస్‌పోర్ట్‌లో అది విడదీసి ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా, పదో తరగతి మెమోలో మరోలా. కొందరికి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడే ఖాళీ. సిస్కో ప్రొఫైల్‌లో పేరు మీరు చూపించబోయే గుర్తింపు కార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు, ఫీజు కూడా పోవచ్చు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ ఏది ఎక్కడ పెట్టాలో పాస్‌పోర్ట్ చూసి పెట్టండి, తేడా ఉంటే బుక్ చేయకముందే సపోర్ట్‌కి రాసి మార్పించుకోండి, దీనికి కొన్ని రోజులు పట్టొచ్చు.

ఇంటినుంచి రాసే అవకాశం ఉంది, కానీ గదిలో ఎవరూ రాకూడదు, టేబుల్ ఖాళీగా ఉండాలి, కెమెరా ముందునుంచి లేవకూడదు, నెట్ తెగితే అంతే. కరెంట్ పోయే ఊళ్లో ఉన్నా, ఉమ్మడి కుటుంబంలో ఉన్నా, చుట్టాలు చెప్పకుండా వచ్చే ఇల్లైనా సెంటర్‌కే వెళ్లండి.

సిస్కో పరీక్షలో ఒక ప్రశ్న దాటాక వెనక్కి రాలేం. మన ఎంట్రన్స్ పరీక్షల అలవాటుతో "తర్వాత చూద్దాం" అనుకుంటే కుదరదు. ఒక్కో ప్రశ్నకి సగటున నిమిషానికి కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. ముందు చివరి వాక్యం చదవండి, అసలు అడుగుతున్నది అక్కడే ఉంటుంది, ఆ తర్వాత అవుట్‌పుట్ చూడండి. "రెండు ఎంచుకోండి" అన్న మాట మీద కన్ను వేయండి. రెండు నిమిషాలు దాటినా తేలకపోతే తప్పని తెలిసినవి కొట్టేసి మిగిలినదాంట్లో ఒకటి పెట్టి ముందుకెళ్లండి, ఖాళీగా మాత్రం వదలొద్దు.

ఫెయిలైతే అయిదు రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు, కానీ అయిదో రోజుకే పరుగెత్తకండి. స్కోర్ రిపోర్ట్‌లో ఏ సెక్షన్‌లో ఎంత శాతమో ఉంటుంది. సెంటర్ బయటకి రాగానే, మర్చిపోకముందే, ఏ అంశాల దగ్గర తడబడ్డారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ప్రశ్నలు రాయకూడదు, అది ఒప్పందానికి విరుద్ధం. మీకు రాని అంశం పేరు రాసుకోవచ్చు. తక్కువ శాతం వచ్చిన సెక్షన్ ల్యాబ్‌లన్నీ మొదటినుంచి కట్టాకే తేదీ చూడండి.

పాసైతే కోర్ ఒక్కదానికే స్పెషలిస్ట్ సర్టిఫికేట్ వస్తుంది, సిస్కో నిపుణుల స్థాయి సీసీఐఈ సెక్యూరిటీ ల్యాబ్ పరీక్షకి కావలసిన అర్హత పరీక్ష కూడా ఇదే. కాన్సన్‌ట్రేషన్ ఆలస్యం చేయకుండా ఎంచుకోండి. ఫైర్‌వాల్ పనిలో ఉంటే 300-710, క్యాంపస్ యాక్సెస్, ఐస్ వైపు ఉంటే 300-715, వీపీఎన్ మీదే మనసుంటే 300-730. మీరు రోజూ చేసే పనికి దగ్గరగా ఉన్నదే తీసుకోండి, ఎదుటివాడు ఏది రాశాడో చూడకండి. సర్టిఫికేట్ మూడేళ్లు చెల్లుతుంది, దాన్ని నిలబెట్టుకోవడానికి 80 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు తెచ్చుకోవచ్చు, లేదా మళ్లీ ఒక కోర్ పరీక్ష రాయొచ్చు. సిస్కో అప్పుడప్పుడు ఉచితంగా క్రెడిట్లు ఇచ్చే కోర్సులు పెడుతుంటుంది, పాసైన వారమే ఆ పోర్టల్‌లో ఖాతా తెరిచి మెయిల్ అలర్ట్ పెట్టుకోండి.